లాండో బండికి రెండు టాపులు

1892వ సంవత్సరం వానకాలం మొదట్లో, నేను ధవళేశ్వరం దగ్గర కాలువల శాఖ కార్ఖానాలో రెండో తరగతి ఓవర్సీరుగా ఉండగా, ఆత్రేయపురం వైపు ఉన్న ఒక చిన్న ఎస్టేటుకు ఇరవై రోజుల డిప్యుటేషను మీద వెళ్లమని ఉత్తరువు వచ్చింది. సర్కారు మనిషిని ప్రైవేటు పనికి పంపడం అరుదు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకం కావాలి, పని ముగిశాక మూడు ప్రతులలో రిపోర్టు రాయాలి. ఉత్తరువులో పని పేరు 'ఇనుప కీళ్ల మరమ్మతు' అని ఉంది. కాలువ లాకు తలుపుల కీళ్లేమో అనుకుని పెద్ద సుత్తులు కూడా పడవలో వేయించాను. తీరా వెళ్లి చూస్తే అది జమీందారు గారి గుర్రపు బండి.

ఆ బండిని లాండో అంటారు. నాలుగు చక్రాలు, ఎదురెదురుగా రెండు సీట్లు, వాటి మీద తోలుతో చేసిన రెండు టాపులు. ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి వచ్చి నడినెత్తిన కలుసుకుంటాయి. ఎండైనా వానైనా అప్పుడది మూసిన పెట్టె. వాతావరణం బాగుంటే రెండింటినీ చెరో వైపుకు మడిచేయవచ్చు. అప్పుడు లోపల కూర్చున్నవారి ఉంగరాలు, శాలువాలు ఊరందరికీ కనిపిస్తాయి. అలాంటి బండి కొనడంలో ఉద్దేశమే అది. మద్రాసులో ఒక దొర చనిపోతే వేలంలో దాన్ని కొని, కాలువ మీద పెద్ద పడవలో తెప్పించుకున్నారు. అది తిరగడానికి పనికొచ్చే రోడ్డు ఆ ఎస్టేటులో నాలుగు మైళ్లకు మించి లేదన్న సంగతి తరువాత తెలిసింది.

ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, ఏడాదిగా రెండు టాపులూ మూసుకుపోయి తెరుచుకోవడం లేదు. జమీందారు గారు పెట్టెలో కూర్చుని తిరుగుతున్నారు, ఎవరికీ కనబడటం లేదు. ఇరవై రోజుల్లో కలెక్టరు దొర పడవలో రావులపాలెం రేవుకు వస్తున్నారు. ఆయనకు తెరిచిన బండిలో ఎదురు వెళ్లాలని వీరి కోరిక.

దోషం ఎవరిదో అప్పటికే తేల్చేశారు. బండితో పాటు మద్రాసు నుంచి వచ్చిన కోచ్‌మాను మస్తానుది. ఎస్టేటు పురోహితులు శాస్త్రులు గారు బండికి జాతకం వేసి, దాని నక్షత్రానికీ మస్తాను నక్షత్రానికీ పొంతన కుదరలేదని చెప్పారు. దొర వచ్చేలోగా టాపులు తెరుచుకోకపోతే మస్తాను వెళ్లిపోవాలని జమీందారు గారి ఆజ్ఞ. గుర్రపుశాల వెనక ఒక గదిలో అతను, భార్య, ముగ్గురు పిల్లలు ఉండేవారు. ఉద్యోగం పోతే ఆ గది కూడా పోతుంది.

నాకు అప్పుడు ముప్పై ఏళ్లు. రాజమహేంద్రవరం సభల్లో కుర్చీ ఎక్కి మాట్లాడిన నోరు. బండికి జాతకం అన్న మాట చెవిన పడగానే మరమ్మతు సంగతి మరిచిపోయాను.

"శాస్త్రులు గారూ, బండి పుట్టిన వేళ ఏదండీ?" అని అడిగాను.

"మన వాకిట్లో కాలు పెట్టిన వేళే దాని జన్మవేళ" అన్నారాయన, తడుముకోకుండా.

"అంతకు ముందు పదేళ్లు మద్రాసులో ఒక దొరగారింట కాపురం చేసిందటండీ. ఆయన పోయాక ఇక్కడికి వచ్చింది. అంటే ఇది రెండో మనువే కదా. మొన్న రాజమహేంద్రవరం సభలో తమరు విధవలకు మళ్లీ పెళ్లి కూడదనే కదండీ గంటసేపు మాట్లాడారు?"

జమీందారు గారు దగ్గు వచ్చినట్టు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు. శాస్త్రులు గారు నన్ను తేరిపార చూశారు.

"మీ నాన్నగారిని నేనెరుగుదును నాయనా. నిష్ఠాపరుడు. ఆయన కడుపున నువ్వెలా పుట్టావో జాతకం చూస్తేగాని చెప్పలేను" అన్నారు.

ఆయన మాట పడే మనిషి కాదు. అందుకే ఆయనంటే నాకు మొదటి రోజు నుంచీ కొంత ఇష్టం.

బండిని పరీక్షించడానికి పావుగంట చాలింది. టాపుకు రెండు పక్కలా మనిషి మోచేతిలా మడతపడే ఇనుప కడ్డీ ఉంటుంది. చాస్తే టాపు నిలబడుతుంది, మడిస్తే వాలుతుంది. రెండు టాపులకు కలిపి అలాంటి మోచేతులు నాలుగు. జమీందారు గారు గడప దాటిన ప్రతిసారీ ఈ బండికి దిష్టి తీసి కొబ్బరికాయలు కొడతారు. కొట్టడానికి చేతికందే ఎత్తులో గట్టి ఇనుము కావాలి కదా. అందుకని నాలుగు మోచేతుల మీద నాలుగు కాయలు కొట్టే ఆచారం పెట్టారు. ఆ నీళ్లు కీలు లోపలికి దిగి, తుప్పు పట్టి, పీచు ఇరుక్కుని, తీపికి చీమలు చేరి పుట్ట పెట్టాయి. నేను చీల మీద తట్టగానే ఎర్రచీమలు వరసగా బయటికి వచ్చి, దస్తావేజు అడుగుతున్నట్టు నా వేళ్ల మీదికి పాకాయి.

తోలు గతి ఇంకా అన్యాయం. చచ్చిన పశువు చర్మం కింద కూర్చోవడానికి జమీందారిణి గారు ఒప్పుకోలేదట. అందుకని శుద్ధి కోసం శుక్రవారం శుక్రవారం పసుపునీళ్లతో కడిగి ఎండబెట్టేవారు. తోలుకు కావలసింది నూనె. నీళ్లు పోసి ఎండబెడితే అందులో ఉన్న నూనె కూడా పోతుంది. ఆ టాపు మడతల దగ్గర పూతరేకులా పెళుసుగా విరుగుతోంది.

ఇక్కడ నేను చేయవలసిన పని సులువు. నాలుగు కీళ్లూ విప్పి, కిరసనాయిలుతో కడిగి, నూనె పెట్టి, టాపులు రెండూ తోలు పనివాడికి అప్పగించి, వారం రోజుల్లో ధవళేశ్వరం వెళ్లిపోవచ్చు. అలా చేస్తే శాస్త్రులు గారు శాంతి చేయించి, బాగుపడటం తమ శాంతి వల్లనే అంటారు. అది నేను భరించలేకపోయాను. బండికి టాపులు రెండు ఉన్నాయి కదా, వాదానికి ఇంతకన్నా మంచి సాధనం ఏముంటుంది అనిపించింది.

జమీందారు గారి దగ్గరికి వెళ్లి, ముందు టాపును శాస్త్రులు గారి పద్ధతికి, వెనక టాపును నా పద్ధతికి వదలమని కోరాను. ముందుదానికి కాయలు, పసుపు, శాంతి అన్నీ యథావిధిగా. వెనకదానికి అవేవీ లేవు, నేను చెప్పిన నూనె మాత్రమే. దొర వచ్చే రోజున చూద్దాం అన్నాను. జమీందారు గారికి కోడిపందేలంటే ప్రాణం. ఇద్దరు పోటీ అనగానే ఆయన కళ్లు మెరిశాయి.

"బాగుందండీ ఓవర్సీరు గారూ. కానీ నా మాట నా మాటే. ఏ సగం పని చెయ్యకపోయినా మస్తాను మద్రాసు పడవ ఎక్కుతాడు" అన్నారు.

అప్పుడు నేను అభ్యంతరం చెప్పి ఉండవలసింది. నా చెవికి పందెం ఒప్పుకున్న మాట ఒక్కటే వినిపించింది.

మస్తానుకు మొత్తం మాట వినిపించింది. సాయంత్రం గుర్రాలకు ఉలవలు పెడుతూ నాతో అన్నాడు: "అయ్యా, తమరికి రెండూ బాగుచెయ్యడం వచ్చు కదండీ?"

"వచ్చు."

"మరి చేసెయ్యండి బాబూ. తమరూ శాస్త్రులు గారూ చదువుకున్నోళ్లు. పందెం ఏసుకుంటే తమ గడియారమో ఆయన శాలువో పెట్టుకోవాలి గానీ, నా పిల్లల కూడు పెడతారేంటండీ?"

సత్యం తేలాలంటే పోలిక కావాలని, పోలిక లేకపోతే రుజువు లేదని అతనికి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అతను శ్రద్ధగా విని, "సత్తెం తేలాక మేం ఎక్కడ తేలతామండీ?" అని ఉలవల బుట్ట తీసుకుని వెళ్లిపోయాడు.

వెనక టాపు తోలు పనికి మాదిగపేట నుంచి పోలయ్యను పిలిపించాను. అంత నేర్పరి ఆ చుట్టుపక్కల లేడు. అయితే అతను ప్రహరీ లోపలికి రాకూడదన్నారు. తోలు లోపలికి రావచ్చు, తోలు కింద జమీందారు గారు కూర్చోవచ్చు, తోలును బాగుచేసేవాడు మాత్రం రాకూడదు. ఈ మాట నేను గట్టిగానే అన్నాను. నిర్ణయం మాత్రం మారలేదు. రోజూ పొద్దున బండిని ఆరుగురు మనుషులు గేటు బయటికి తోసేవారు, మధ్యాహ్నం మళ్లీ లోపలికి తోసేవారు.

పోలయ్య అడిగింది సొర నూనె. సముద్రపు సొరచేప నుంచి తీసే ఆ నూనెను పల్లెకారులు పడవ చెక్కలకు పూస్తారు. తోలుకు దాన్ని మించింది లేదు, వాసనలోనూ దాన్ని మించింది లేదు. తోలును తడిగుడ్డతో మెత్తబరచి, గోరువెచ్చని నూనె అరచేత్తో మడత మడతకూ రుద్ది, నీడలో ఆరబెట్టి, మళ్లీ రుద్దాలి. అలా పదిహేను రోజులు. మూడో రోజు నుంచి గాలి తిరిగినప్పుడల్లా శాస్త్రులు గారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు.

"శాస్త్రులు గారికి వాసన పడతం లేదులా ఉందండీ" అన్నాడు పోలయ్య, తల ఎత్తకుండా. "పోనీ గేటు లోపల పూస్తే పడుద్దేమో కనుక్కోండి."

దొర వచ్చే రోజు తెల్లవారింది. వెనక టాపును మస్తాను ఒక్క చేత్తో వెనక్కి వాల్చాడు. చప్పుడు కూడా లేదు. ముందు టాపు మీద ఇద్దరు బలమైన పాలేర్లు పడితే అది పెద్దగా మూలిగి కిందికి దిగింది. శాస్త్రులు గారు నా వైపు చూసి, "దిగింది కదా నాయనా" అన్నారు. ఆ దిగడం ఎలాంటిదో నాకు తెలుసు. గెలిచినప్పుడు చెప్పవలసిన మాటలు రాత్రే ఆరు పేజీలు రాసి వరస పెట్టుకుని ఉన్నాను.

కూర్చునే వరస గురించి మాత్రం నేను ఆలోచించలేదు. లాండోలో వెనక సీటు యజమానిది. చిన్నవారు ముందు సీటులో, ఆయనకు ఎదురుగా, గుర్రాలకు వీపు పెట్టి కూర్చోవాలి. వెనక టాపు కింద జమీందారు గారు ఒక్కరే కూర్చున్నారు. ముందు టాపు కింద శాస్త్రులు గారు, ఆయన పక్కన నేను.

రెండో మైలు దగ్గర వాన పట్టుకుంది. మస్తాను దిగి వెనక టాపును ఒక్క తోపుతో ఎత్తాడు. ముందుది ఎత్తబోతే మోచేతులు రెండూ బిగుసుకుపోయాయి. అతను లాగాడు, నేను నిలబడి లాగాను, శాస్త్రులు గారు ఒక మంత్రం చదివారు. అది కదలలేదు. జమీందారు గారు పొడిగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. నా పరీక్ష నూటికి నూరుపాళ్లు నెగ్గింది, దాని కింద నేను పంచె తడిసి కూర్చున్నాను.

"శాస్త్రులు గారూ, పెద్దవారు, ఇటు వచ్చేయండి" అన్నారు జమీందారు గారు.

శాస్త్రులు గారు ఒక్క క్షణం ఆగారు. తరువాత లేచి, సొర నూనె తాగిన ఆ టాపు కిందికి వెళ్లి కూర్చున్నారు. ఉత్తరీయం ముక్కు దాకా వెళ్లింది కాని, అది తడిసి ఉండటంతో దింపేశారు.

నేను నా వరస మాటలు మొదలుపెట్టబోయాను. జమీందారు గారు చెయ్యెత్తారు. "ఒక సగం పని చెయ్యలేదు. మస్తానూ, మన మాట గుర్తుందా?"

మస్తాను వానలో కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. "గుర్తుందండి" అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

తప్పు మస్తానుది కాదని, ముందు టాపును నేనే కావాలని వదిలేశానని చెప్పాను. జమీందారు గారి ముఖం మారింది. "నా బండిని బాగుచెయ్యడం వచ్చి కూడా చెయ్యలేదా?" అన్నారు. రుజువు గురించి రాత్రి తయారుచేసుకున్న వాక్యాలు ఆ ప్రశ్నకు పనికిరాలేదు.

అప్పుడు మాట్లాడింది శాస్త్రులు గారు. "వాణ్ణి పంపక్కర్లేదండి. వాడి చెయ్యి పడగానే ఈ టాపు లేచింది. నక్షత్రం మారినట్టుంది, నేను మళ్లీ లెక్క చూస్తాను. ముందుదాన్ని ఆ అబ్బాయి చేత రేవులో చేయించండి, పడవ రావడానికి ఇంకా వ్యవధి ఉంది."

రేవు దగ్గర పడవల పాక కింద నేనూ మస్తానూ కలిసి చీలలు ఊడదీసి, చీమలనూ పీచునూ దులిపి, కిరసనాయిలుతో కడిగి, అతను బండి తోలే పీట కింద దాచుకున్న సొర నూనె పెట్టాం. అతను దాన్ని ఎప్పుడు దాచాడో నేను అడగలేదు. గంటన్నరలో టాపు లేచింది, వాలింది. తోలు రెండు చోట్ల చిరిగింది కాని దూరానికి కనపడదు. దొర పడవ దిగి, బండిని చూసి తల ఊపి, వాన వెలిసింది కదా అని తన వెంట తెచ్చుకున్న గుర్రమెక్కి వెళ్లిపోయారు.

మస్తాను ఉద్యోగం నిలిచింది. శాస్త్రులు గారు ప్రతి అమావాస్యకూ రెండు టాపులకూ తైలసంస్కారం అని నిర్ణయించి, తైలమున్న చోట కొబ్బరినీరు తగలరాదని చెప్పి, కాయ కొట్టడానికి పది అడుగుల దూరంలో ఒక రాయి పాతించారు. నేను ఆరు పేజీల వాదంతో సాధించలేనిది ఆయన ఒక అబద్ధంతో సాధించారు. పోలయ్య కోసం బండిని గేటు బయటికి తోయడం మాత్రం మానలేదు. తైలానికి శాస్త్రం దొరికింది గాని పోలయ్యకు దొరకలేదు.

రిపోర్టులో 'కీళ్లలో తుప్పు, నిర్మూలించబడినది' అని మూడు ప్రతులలో రాశాను. ముందు టాపు విషయంలో ఆలస్యానికి కారణం అనే గడిలో నా పేరు రాశాను. ఇంజనీరు చదివి నవ్వలేదు, నా పై తరగతి ప్రమోషను ఒక ఏడాది ఆగింది.

మూఢనమ్మకాన్ని రుజువుతో ఎదుర్కోవాలన్న నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. అయితే ఆ తరువాత ఉద్యోగంలో ఏ పరీక్ష చేసినా, ఓడితే పోయేది నా సొంత ఉద్యోగమే అయ్యేటట్టు ముందుగా కాగితం మీద రాసిపెట్టి చేశాను. అప్పటి నుంచి నా పరీక్షల సంఖ్య బాగా తగ్గింది.