బాబాయి కుట్టిన జిప్పు

మా బాబాయి బ్యాగులు రిపేరు చేస్తాడు. ఎడమచేతివాటం కావడంతో ఆయన వేసే దారపు ముడి కూడా ఎడమకే తిరుగుతుంది.

ఒకరోజు అత్తయ్య కొత్త హ్యాండ్‌బ్యాగు తెచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, పెద్ద కంపెనీదిరా. ఆన్‌లైన్‌లో సగం ధరకే ఇచ్చారు. అసలుదేనా చూడు."

బాబాయి లైనింగు తిరగేసి చూసి తెల్లబోయాడు. జిప్పు చివరి ముడి ఎడమకు తిరిగి ఉంది. పోయిన నెల ఎవరో వ్యాపారి నలభై నకిలీ బ్యాగులు తెస్తే, ఎందుకని అడక్కుండా అన్నిటికీ మంచి జిప్పులు కుట్టిచ్చాడు. తప్పు తనదని తెలిసి గొంతు పెంచాడు.

"ఇది నకిలీది! కళ్లు నెత్తికెక్కాయా అక్కా? ఏం చూసి కొన్నావు?"

"ఫొటోలో ఆ జిప్పు చూసేరా. ఇంత పనితనం దొంగ సరుక్కి ఎక్కడిదీ అనుకున్నాను."