బాపు వేలు, మాట్లాడే తాళం

గృహప్రవేశం కార్డుల మీద ముహూర్తం తొమ్మిది గంటల పదిహేడు నిమిషాలకని వేస్తారు. ఈ పదిహేడు మీద నాకు చాలాకాలంగా ఫిర్యాదుంది. మహబూబ్‌నగర్ బస్సే గంట అటూ ఇటూగా వచ్చే ఊళ్ళో నిమిషాలు లెక్కపెట్టే అర్హత ఎవరికుంది? అయినా వేస్తారు. ఆ పదిహేడో నిమిషాన మా కొత్త ఇంటి ముందు, ఊరెడు చుట్టాలూ ఒక పంతులూ ఒక ఆవూ సాక్షిగా, నేను చేసిన ఘనకార్యం చెప్తాను. ఆవు తప్ప మిగతా అందరూ ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడిని; అంటే ఏదీ రిపేరు చేయడం రానివాడినని అర్థం. మా బాపు నలభై ఏళ్ళు మగ్గం నేసి, కొత్తకోట చివర ఇల్లు కట్టాడు. టేకు తలుపు దగ్గరుండి చేయించుకున్నాడు. ఆ తలుపుకు స్మార్ట్ తాళం బిగించాలన్న ఆలోచన నాది. వేలు పెడితే తెరుచుకుంటుంది. బ్యాటరీ మీద నడుస్తుంది, ఆడగొంతుతో ఇంగ్లీషు మాట్లాడుతుంది. అంకెలు నొక్కే రకం పాత ఫ్యాషనని నేనే వద్దన్నాను.

"మంచిగ గొళ్ళెం పెట్టి తాళం ఎయ్యక, గీ వేలిముద్రలేందిర? రేషన్ దుకాణమా?" అన్నాడు బాపు.

"జర సూడు బాపూ. అందరి ముంగట నువ్వు గిట్ల వేలు పెడ్తవ్, అది గట్ల తెరుసుకుంటది. సుట్టాలు నోరు తెర్వాలె."

తెరిచారు. ఆ సంగతి తర్వాత.

చిక్కేమిటంటే, బాపు వేలిని తాళం ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు పోగులు సవరించిన వేళ్ళు. గీతలన్నీ దారానికే ఇచ్చేసినట్టున్నాడు. పదిసార్లు పెట్టించాను. గోడకు చెప్పుకున్నట్టే. కంపెనీకి మెయిల్ రాస్తే జవాబు లేదు. ఉన్నమాట చెబితే బాపు చిన్నబోతాడని, "ఎక్కింది బాపూ, అయిపోయింది" అన్నాను. నా పథకం సులువు. బాపు వేలు పెట్టగానే వెనక నిలబడి ఫోన్‌లో బటన్ నొక్కుతాను. ఇంట్లోని వైఫై మీదుగా కబురు అంది తలుపు తెరుచుకుంటుంది. ఎవరికీ తెలియదు.

పదిహేడో నిమిషం వచ్చింది. బాపు కొత్త ధోవతిలో, అమ్మను పక్కన నిలబెట్టుకొని, చుట్టాలనందరినీ ఒకసారి కలియజూసి వేలు పెట్టాడు. నేను వెనక నొక్కాను. ఫోన్‌లో చిన్న చక్రం తిరిగింది. మళ్ళీ తిరిగింది. చివరికి, తాళం అందుబాటులో లేదని చెప్పింది.

తాళం మాత్రం అందుబాటులోనే ఉంది. "యూజర్ నాట్ ఫౌండ్" అంది, ఊరంతా వినేట్టు.

"ఏమంటాందే?" బాపు మా చెల్లెను అడిగాడు.

"నువ్వెవలో తెల్వదంటాంది బాపూ."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లోకే పోలేనివాడికి రచ్చ ఒక్కటే మిగులుతుంది. ముందుకు దూకి నా వేలు పెట్టబోయాను. అప్పటికే మా మేనత్త గడపతో పాటు తాళానికీ పసుపు పూసి, సరిగ్గా వేలు పెట్టే అద్దం మీద కుంకుమ బొట్టు దిద్దింది.

"అత్తా, దీనికెందుకు పెట్టినవే?"

"కొత్త మిషన్‌కు బొట్టు పెట్టకుంటె ఎట్లర? సదువుకున్నవ్ గని, గింత తెల్వదా?"

కండువాతో తుడిచాను. పసుపు ఇంకా సమానంగా పరుచుకుంది. నాలుగుసార్లు నొక్కాను. నేనెవరో కూడా తెలియదంది. మొత్తం ఐదు తప్పులు కాగానే, నిబంధన ప్రకారం, అరగంట మౌనవ్రతం పట్టింది.

"తాళంచెవి లేదా?" అడిగాడు పంతులు.

"ఉంది. డబ్బాలో."

"డబ్బా?"

"లోపల."

"వెనక తలుపు?"

"లోపలి గడియ."

"తొమ్మిదీ నలభైకి వర్జ్యం" అన్నాడాయన, నాతో కాదు, ఆవుతో అన్నట్టు.

కంపెనీకి ఫోన్ చేశాను. చుట్టూ గోలగా ఉందని స్పీకర్ పెట్టాను. తెలివైన పనులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

"మీ రౌటర్ ఆఫ్‌లో ఉంది సార్. ఆన్ చేయండి."

నేను బాపు వైపు తిరిగాను. "బాపూ, నిన్న పోయేటప్పుడు మెయిన్ బంద్ చేసినవా?"

"ఎవ్వలు లేని ఇంట్ల కరెంటెందుకుర?"

ఫోన్‌లో అన్నాను: "రౌటర్ లోపల ఉందండీ."

"అయితే తాళం విప్పి మా బెంగళూరు ఆఫీసుకు కొరియర్ చేయండి సార్. మీ ఏరియాలో మాకు సర్వీస్ లేదు."

"మరలు లోపలివైపున్నాయి."

"అయితే లోపలికి వెళ్ళండి సార్."

"ఎట్లా?"

"మీ వేలు పెట్టి, సార్. మా రికార్డు ప్రకారం ఈ తాళంలో ఉన్నది మీ వేలు ఒక్కటే."

"మా బాపుది కూడా..."

"లేదు సార్. ఆయన వేలు ఎక్కనే లేదు."

స్పీకర్ మంచిది. వెనక వంటవాళ్ళకు కూడా వినిపించింది. బాపు తన వేలు ఒకసారి తిప్పి చూసుకొని, చేయి కండువా కిందికి తీసుకున్నాడు.

"అన్నా, నా ఆవుకు పదింటికి ఇంకో ఇల్లున్నది" అన్నాడు ఆవును తెచ్చినాయన.

ఆ తలుపు చేసిన వడ్ల బ్రహ్మయ్య, ఇల్లుగలవాళ్ళు ఆ రోజు పెట్టే కొత్త బట్టల కోసం వచ్చి, పందిరి కింద ఓపిగ్గా కూర్చున్నాడు. లేచి వచ్చి తాళం చుట్టూ తట్టి చూశాడు.

"తొలిస్తె తెరుసుకుంటది. తొలవాల్నా అన్నా?"

బాపు టేకు తలుపును కాసేపు చూశాడు. తల ఊపాడు.

ఉలి దెబ్బలు నాకు ఎక్కడెక్కడ తగిలాయో వివరించను. తొమ్మిదీ ముప్పై నాలుగుకు తలుపు తెరుచుకుంది. ముందు ఆవు, వెనక బాపు, అమ్మ కుడికాలు పెట్టారు. ముహూర్తబలం ఇంకా ఉందన్నాడు పంతులు. ఆయన మంచివాడు.

పదకొండో రోజు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, ఎన్ని నక్షత్రాలిస్తారని. తాళం అప్పటికి చుట్టూ ఉన్న చెక్కతో సహా నా బల్ల మీద ఉంది. తలుపుకు బ్రహ్మయ్య అతుకు వేసి గొళ్ళెం బిగించాడు.

ఆ సాయంత్రం బాపు అరుగు మీద చాయ తాగుతుంటే ఎదురుగా నిలబడి, కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాను.

"నా పానం ఉన్నన్ని దినాలు, బ్యాటరేసుకోని మాట్లాడే వస్తువను ఒక్కదాన్ని గీ గడప దాటనియ్య బాపూ. గా దిక్కుమాలిన తాళం నిన్ను నలుగుట్ల నవ్వులపాలు జేసింది."

బాపు గ్లాసు కింద పెట్టాడు.

"తాళాన్నేమనకు. నన్ను ఎరగనని ఉన్నమాటే జెప్పింది. అబద్ధం ఆడింది నువ్వు."