ఒకే చేనులో రెండు నేలలు

నేను చోడవరం వెళ్ళడానికి కారణం ఒక తగువు. పంతొమ్మిది వందల యాభైల్లో మాట, అప్పటికి వ్యవసాయ శాఖలో కొత్తగా చేరాను. దేవరాపల్లి దారిలోని ఒక పల్లె నుంచి పైడమ్మ అనే రైతు అనకాపల్లిలోని మా ఆఫీసుకు వచ్చి, తన చెరకు ఎందుకు ఎండిపోతోందో చూడమంది. భర్త పోయాక ఆమె భాగాన్ని కూడా మరిది సూరన్నే సాగు చేస్తున్నాడు. నీళ్ళన్నీ తన చెరకుకే మళ్ళించుకుంటున్నాడని ఆమె అనుమానం. భూమిని వేరేవాళ్ళకు కౌలుకిచ్చేస్తానంది.

అనకాపల్లిలో పొద్దున్నే బస్సెక్కాను. టిక్కెట్టు కొన్ని అణాలే. చోడవరంలో ఇడ్లీ తిని, ఎడ్లబండి మాట్లాడుకున్నాను.

"ఆల్ల తగువు ఊరి పెద్దలే తీర్చలేకపోనారు బాబూ" అన్నాడు బండితను.

"నేను తీర్పు చెప్పడానికి రాలేదయ్యా, గొయ్యి తవ్వడానికి వచ్చాను" అన్నాను.

చేరేసరికి వదినా మరుదులు గట్టుకు చెరోవైపు నిలబడి ఉన్నారు. సూరన్న చెరకు నడుమెత్తు పెరిగింది. పైడమ్మది మోకాలు దాటలేదు. కానీ ఆమె పొలం చెక్కలోనే ఒక మూల మొక్కలు ఏపుగా ఉన్నాయి. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది: నీళ్ళు మళ్ళించి ఉంటే ఆ మూలా ఎండాలి కదా. ఎండిన చోట ఒక గొయ్యి, ఆ మూల ఇంకొకటి తవ్వించాను. పైమట్టి రెండింటిలోనూ ఒకటే. అడుగు లోతు దాటాక మొదటిదాంట్లో ఇసుక, రెండోదాంట్లో జిగట బంకమన్ను.

పైడమ్మనే ఒక్కో గొయ్యిలో ఒక్కో బిందె నీళ్ళు పొయ్యమన్నాను. మూలగొయ్యిలో నీళ్ళు నిలిచాయి. ఇసుకగొయ్యిలో చూస్తుండగానే ఇంకిపోయాయి.

"ఏటి బాబూ, నీల్లన్నీ ఎటెల్లిపోనాయి?"

"కిందికమ్మా. ఒకప్పుడు ఇక్కడ వాగు పారి ఉంటుంది. ఈ ఇసుక దానిదే. ఇక్కడ కొంచెం కొంచెంగా, తరచు తడపాలి. చెరువుమట్టి, పశువుల పెంట తోలించాలి."

ఆమె వంగి గొయ్యిలోని ఇసుక గుప్పిట్లోకి తీసుకుని చూసింది. తర్వాత మరిది వైపు తిరిగింది. "మరి నాకు సెప్పలేదేటిరా?"

"ఎన్ని నీల్లు కట్టినా నిలవటంలేదని సెప్పేను వదినా. నువ్వు నమ్మలేదు."

పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు పెంట తోలుదాం, బండి కట్టు" అంది. కౌలు మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను. నాలుగడుగుల తేడాలో నేల మారిపోవడం మామూలేనని తెలిసింది. కానీ మట్టిలోని తేడా మనిషి మీద నిందగా మారడాన్ని అంత దగ్గరగా చూసింది అక్కడే. మీరూ ఇలాంటి పనిమీద వెళితే, పొలానికి నీళ్ళు కట్టిన మర్నాడు వెళ్ళండి. తేమ ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిపోయిందో ఆ రోజే బాగా తెలుస్తుంది.