చైనా వీసాకు ఉపవాసం

పెళ్లయి పాతికేళ్లయిన సందర్భంగా చైనా చూసి రావాలని మేమిద్దరం అనుకున్నాం. మా ఆయనకు ఆ పెద్ద గోడ ఎక్కాలని, నాకు పాండాలను చూడాలని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సిగ్గుపడాల్సిన పని నేను మా చర్చిలో చేశాను.

కాశిబుగ్గలో ప్రతి శుక్రవారం మా స్త్రీల ఉపవాస కూడిక జరుగుతుంది. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చి, జంపఖానా మీద కూర్చుని, ఎవరి అవసరత వాళ్లు చెబుతారు. అందరూ కలిసి దాని కోసం ప్రార్థిస్తారు. ఆ రోజు నా ముందు కూర్చున్నావిడ, కేసముద్రం మార్కెట్‌కు తీసుకెళ్తున్న పత్తి దారిలో వానకు తడిసిపోయిందని ఏడ్చింది. ఆమె పక్కనావిడ కొడుక్కి కిడ్నీలో రాళ్లు. తర్వాత నా వంతు. ఆ కన్నీళ్ల మధ్య పాండాల మాట ఎలా ఎత్తను? "మేము చైనా వెళ్లాలనుకుంటున్నాం, వీసా కోసం ప్రార్థించండి" అని మాత్రం అన్నాను.

"చైనానా? దేవుని పని మీదనా టీచరమ్మా?" అని అడిగింది పెద్దమ్మ. మార్కెట్ దగ్గర ఆకుకూరలు అమ్మే ముసలావిడ. నాకు చుట్టం కాదు గానీ చర్చిలో అందరికీ పెద్దమ్మే.

నేను కాదనలేదు. అవుననీ అనలేదు. తల వంచుకున్నాను. బడిలో లెక్కలు చెప్పే నాకు, తప్పు చేసిన పిల్లలు తల ఎందుకు వంచుతారో బాగా తెలుసు. కానీ మా కూడికలో తల వంచితే వినయం అనుకుంటారు. "స్తోత్రం" అన్నారు అందరూ.

ఇక చిలవలు పలవలు పుట్టాయి. మరుసటి శుక్రవారం పాస్టరమ్మ నన్ను ముందుకు పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, "దూరదేశానికి నీ వాక్యం మోసుకుపోతున్న నీ దాసురాలు" అంటూ ప్రార్థించింది. ఆ దాసురాలి హ్యాండ్‌బ్యాగులో ఉన్నవి అప్పుడే కొన్న నల్ల కళ్లద్దాలు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చైనాలో వాట్సాప్ పనిచేయదని ఎవరో అంటే, "అయ్యో, ఏమన్న అయితే మనకెట్ల తెలుస్తది?" అని ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

అదే వారం వీసా ఫారం నింపాను. ఎందుకు వెళ్తున్నారు అన్న చోట, విహారానికి అని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పెట్టాను. ముక్కూమొహం తెలియని ఆఫీసుకు చెప్పిన నిజం, నా కోసం పస్తులుంటున్నవాళ్లకు చెప్పలేకపోయాను. చైనాలో పాత రాజు సమాధి దగ్గర బయటపడ్డ మట్టి సైనికుల బొమ్మల దగ్గర ఎన్ని గంటలు ఉండాలో నోట్‌బుక్కులో రాసుకుంటున్న మా ఆయన తల ఎత్తి, "చెప్పేస్తే అయిపాయె గదా?" అన్నాడు. వచ్చే వారం చెబుతానన్నాను. వచ్చే వారం వచ్చింది, పోయింది. నిజానికి ఆ గౌరవం నాకు కొంచెం రుచించింది కూడా. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అసలు సంగతి అదే.

పాస్‌పోర్టులు వీసాలతో తిరిగొచ్చిన రోజే ఫోన్ వచ్చింది. పెద్దమ్మ ఆకుకూరల గంప దగ్గరే కళ్లు తిరిగి పడిపోయిందట. దవాఖానకు పరుగెత్తాను. ఆమె చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. పక్కనే నిలబడ్డ కోడలు నన్ను చూసి, "మూడు దినాల సంది అన్నం ముట్టలే టీచరమ్మా. షుగరు గోలీలు మాత్రం ఏస్కున్నది. నీ వీసా కోసమేనంట. ఎంత చెప్పినా ఇన్లే" అంది.

గోలీ వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుందని నాకు తెలుసు. మా అమ్మకూ ఆ జబ్బే. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మ కళ్లు తెరిచి మొట్టమొదట అడిగింది ఇదే.

"వీసా అచ్చిందా బిడ్డా?"

వచ్చిందని చెప్పి వెళ్లిపోవచ్చు. ఆమె సంతోషించేది, నా పేరూ నిలిచేది. మంచం పట్టీ పట్టుకుని, "పెద్దమ్మా, మేం దేవుని పని మీద పోతలేం. ఊకె చూసొద్దామని పోతున్నం. గోడ, పాండాలు, గంతే" అన్నాను.

ఆమె గ్లూకోజు ఎక్కుతున్న తన చేతి వంక చూసుకుంది.

"గా ముచ్చట ముందుగాల చెప్తే ఏమాయె? ఇంత తినే ప్రార్థన జేద్దును గద" అంది. "తిరగబొయ్యేటోళ్లకు గూడ దేవుడు తోడుంటడు. దానికి అబద్ధమెందుకు బిడ్డా?"

అబద్ధం ఆడలేదు, తల వంచుకున్నానంతే అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

శుక్రవారం పెద్దమ్మ కూడికకు వచ్చింది. ఉపవాసం వద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి, ఇడ్లీ తిని వచ్చి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో నేను లేచాను. వీసా వచ్చిన సంగతి అప్పటికే పాకింది, అందరూ ఆశగా నా వైపు చూస్తున్నారు. అలవాటుగా తల వాలిపోయింది. ఎవరో అప్పుడే "స్తోత్రం" అనేశారు కూడా.

వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"తలకాయ వంచకు బిడ్డా, ఎత్తి చెప్పు. వంచితే మల్ల గొప్పదానివనుకుంటరు."