వాన కోసం మొక్కుకున్న స్పిన్నర్

సిడ్నీ శివారు గిరావీన్‌లో మా పక్కింటి అంకుల్ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. ఆంటీ ఆ కబురు ముందు మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పారు. నాకు అమ్మాయి చెబితేనే తెలిసింది. అంత బాధలోనూ ఆ సంగతి నాకు చిన్న ముల్లులా గుచ్చుకుంది.

ఆయన పేరు మీరెవరూ విని ఉండరు. కరీబియన్‌లో ఓ చిన్న దీవిలో పుట్టి, అక్కడి జట్టుకి కొన్నాళ్ళు ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడి, తర్వాత సిడ్నీ వచ్చి స్కూల్లో ఆటల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎడమచేతి స్పిన్నర్. ఆడిన మ్యాచ్‌లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నేనేమో గుంటూరులో కాలేజీ జట్టుకి ఆడి, రాష్ట్ర జట్టు సెలెక్షన్స్‌లో పిలుపు కోసం సాయంత్రం దాకా కూర్చుని, మాయని తెల్లబట్టలతో ఇంటికొచ్చినవాణ్ణి. ఆయన మ్యాచ్‌లలో ఒక్కటి నాకు దక్కినా చాలనిపించేది. ఫెన్స్ అవతల ఆయన కనిపించినప్పుడల్లా కడుపులో మండేది.

దానికి తోడు మా అమ్మాయి ఆయన దగ్గర బౌలింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. నేను ఏం చెప్పినా "ఐ నో, నాన్నా" అనేది. అదే మాట ఆయన చెబితే బుద్ధిగా తలూపేది. "బంతిని తొందరపెట్టకమ్మా, దానికి దారి తెలుసు" అనేవారాయన. మా ఆవిడ కూడా అంతే. ఆయన పెరట్లో మిరపకాయల ముందు మావి చప్పగా ఉన్నాయనేది.

ఓ ఆదివారం వాళ్ళ పెరట్లో బార్బెక్యూ పెట్టారు. ఆయన మాంసం తిప్పుతూ తన పాత రోజుల గురించి చెప్పారు. ఒక పెద్ద దీవి జట్టు మీద లంచ్‌లోపే సగం వికెట్లు తీశారట. ఇక వెస్టిండీస్ జట్టులోకి పిలుపు ఖాయమని ఊరంతా అనుకున్నారట. పిలుపు వచ్చింది, కానీ ఆయనకి కాదు. తన జట్టులోనే ఉన్న స్నేహితుడికి, అతనూ ఎడమచేతి స్పిన్నరే.

"కుళ్ళు పుట్టలేదా అంకుల్?" అని అడిగేశాను.

ఆయన పగలబడి నవ్వారు. "పుట్టకేం! వాడు ఆడిన ప్రతిసారీ రేడియో పక్కన కూర్చుని వాన పడాలని మొక్కుకున్నాను."

"మరి ఎప్పుడు పోయింది?"

"పోయిందని ఎవరన్నారు? ఇంట్లో ఓ మూల ఉండనిచ్చాను. పెత్తనం మాత్రం ఇవ్వలేదు."

ఆ తర్వాత నేనూ ఆయన అమ్మాయికి బౌలింగ్ నేర్పే నెట్స్ దగ్గరికి వెళ్ళి వాళ్ళిద్దరి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. మంట తగ్గిందని చెప్పను. కూర్చోగలిగానంతే.

అంత్యక్రియలకి ఆ స్నేహితుడు అంత దూరం నుంచి కర్ర పట్టుకుని వచ్చారు. చర్చిలో లేచి నిలబడి, "ఆ రోజు సెలెక్టర్లు పొరబడ్డారు. నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా నన్ను విమానం ఎక్కించడానికి వచ్చింది వాడొక్కడే" అన్నారు.

వింటుంటే నాకు మళ్ళీ అసూయ కలిగింది. నేను పోయిన రోజున ఇంత దూరం వచ్చి ఇలా చెప్పేవాళ్ళు నాకెవరున్నారు?

బయట టీ తాగుతున్నప్పుడు మా అమ్మాయి ఆ పెద్దాయన దగ్గరికెళ్ళి, "అంకుల్ బంతి ఎలా వేసేవారో చూపిస్తారా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన కర్ర గోడకి ఆనించి, బల్లమీది కమలాపండు తీసుకున్నారు. వేళ్ళతో ఒడుపుగా తిప్పి వదిలారు. అది గడ్డిలో పడి, ఒక్క క్షణం ఆగి, చివ్వున పక్కకి తిరిగి కార్ల వైపు దొర్లింది. మా అమ్మాయి నల్లగౌను కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని దాని వెనకే పరిగెత్తింది.