కుంకుడురసంతో కడిగిన పూసలు

ఈ రోజు మా అమ్మాయి సుగుణ ఆత్మకూరు హైస్కూల్లో అయ్యవార్ల ముందు పాఠం చెప్పింది. బాగుంటే సైన్సు టీచరుగా తీసుకుంటామన్నారు. ఐదో తరగతితో ఆగిపోయిన నాకు ఇంతకన్నా ఏం కావాలండీ!

ఆవగింజంత ప్లాస్టిక్ పూసలు, తెల్లవీ ఎర్రవీ కలిపి పళ్ళెంలో పోసి ఊపితే, ఒకదానికొకటి రుద్దుకుని తెల్లదానికి ఒక రకం కరెంటు, ఎర్రదానికి ఇంకో రకం పడుతుందంట. అప్పుడు ఎర్రపూస చుట్టూ తెల్లవి వాటంతట అవే చేరి పువ్వులా నిలబడతాయంట. ఆ పూసలకు దుమ్ము పట్టి ఉండాదని పొద్దున్నే కుంకుడురసంతో కడిగి ఆరబెట్టినాను. ఆ సంగతి బిడ్డకు చెప్పలేదు.

స్కూల్లో నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తా ఉండాను; ఎంత ఊపినా పూసలు దగ్గరకు చేరలేదు. బిడ్డ ముఖం వాడిపోయింది. సంచీలో నేను ముట్టని ఇంకో పొట్లం ఉండబట్టి సరిపోయింది. అది పోసి ఊపేసరికి పళ్ళెం నిండా పూలే! రేపటి నుంచే రమ్మన్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఇంటికి తిరిగొచ్చే ఉదయగిరి బస్సులో సుగుణ అనింది: "మొదటి పూసలకు ఏదో అంటుకుని ఉండాది నాయనా, అందుకే కరెంటు నిలవలేదు. నేనే చేతులు కడుక్కోకుండా ముట్టుకున్నట్టుండాను."

"కిటికీ పక్కన కూర్చోమ్మా, గాలొస్తాది," అన్నాను.

ఇప్పుడు లోపల కూర్చుని ఆ తప్పు తనదేనని నోటుబుక్కులో రాసుకుంటా ఉండాది. ఆ పేజీ నిండేలోగా పోయి కుంకుడురసం సంగతి చెప్పేస్తాను. మీరయితే ఏ మాటతో మొదలుపెడతారు?