ఎక్స్ఛేంజి పిన్ని ముందుగది

ఎవరు మాట్లాడినా ఆవిడ ఎడమచెయ్యి చెవి దగ్గరికి వెళుతుంది. అరచెయ్యి చెవిని మూసీ మూయకుండా ఆగుతుంది. తల కొంచెం వంగుతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసిన కాలమంతా ఆ చెవికి ఫోన్ వినే యంత్రం తగిలించి ఉండేది. యంత్రం పోయింది, చెయ్యి మానలేదు. మనిషి ఎదురుగానే కూర్చున్నా, ఎక్కడో దూరం నుంచి మాట్లాడుతున్నట్టు వింటుంది. అలా వినేవాళ్ళ దగ్గర జనం ఇంకో నాలుగు మాటలు ఎక్కువే చెప్తారు.

అక్క కూతురు ఆవిడను పిన్ని అంటుంది. ఆ పిలుపు వీధికంతా అంటుకుంది. వయసులో ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా ఎక్స్ఛేంజి పిన్ని అనే అంటారు.

రిటైరయ్యాక ఒక పని నెత్తిన వేసుకుంది. డయాలిసిస్ కోసం ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు, తోడు లేనివాళ్ళు, చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. కార్లున్న ఇరుగుపొరుగును కూడగట్టి, వీళ్ళను తీసుకెళ్ళి తీసుకొచ్చే ఏర్పాటు చేసింది. ఎవరి బండిలో ఎవరు వెళ్ళాలో పిన్ని చెప్తుంది. ముందుగదిలో గోడకు నల్లబల్ల, దానిమీద సుద్దముక్కతో వంతులు. సాయంత్రం అందరూ వచ్చి రేపటి వంతు చూసుకునేవారు. చూసుకోవడానికి చిటికె చాలు. కూర్చోవడం మాత్రం చీకటి పడేదాకా. ఒకదానికొకటి పోలిక లేని కుర్చీలు, పెద్ద గిన్నెలో టీ, వాదనలు. బాబాయి పోయాక ఆ ఇంట్లో గొంతులు వినిపించేది ఆ వేళే.

రోగులు పెరిగారు. నల్లబల్ల చాలలేదు. అక్క కూతురు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఒక సాయంత్రం అందరి ముందూ విషయం పెట్టింది.

"పిన్నీ, రెండు దారులున్నాయి. ఒకటి ఈ గదిలో కంప్యూటర్‌లోనే ఉండేది. వంతు చూసుకోవాలంటే ఇక్కడికి రావాల్సిందే. ఇంకోటి ఇంటర్నెట్‌లో ఉండేది. ఎవరింట్లో వాళ్ళు ఫోన్‌లో చూసుకోవచ్చు. ఒకళ్ళు మారిస్తే అందరికీ మారుతుంది."

"నెట్ పోతే?" అంది పిన్ని.

"వచ్చేదాకా ఆగాలి."

"రోగి ఆగుతాడా మరి?"

బస్సు మామయ్య గొంతు సవరించుకున్నాడు. బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి, కారు కూడా బస్సులాగే తిప్పుతాడు. "మొదటిదే ఖాయం చెయ్యమ్మా. ఫోన్లో చూసుకోవడం మొదలుపెడితే ఎవరికి వారే యమునా తీరే. మీ పిన్ని టీ ఎవరు తాగుతారు?"

"నువ్వు తాగేది టీ కాదన్నయ్యా, పంచదార పానకం" అంది పిన్ని.

అందరూ నవ్వారు. అక్క కూతురు పిన్ని ముఖంలోకి చూసింది. నెట్ మాట పైపైదని ఆ పిల్లకు తెలుసు. ఏమీ అనకుండా మొదటిదే ఎక్కించింది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత, కారు నడిపేవాళ్ళలో ఒకడైన మందుల షాపతని భార్య కాలు విరగ్గొట్టుకుంది. సాయంత్రం అతనికి ఇల్లు కదలడానికి లేదు. పిన్నికి జాలేసింది.

"పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్ళు నాయనా. ఇంట్లో చూసుకో."

అతను ఇంట్లో చూసుకున్నాడు. దర్జీ తాతను తీసుకెళ్ళే వంతు తనది. పోస్టాఫీసు మామ్మ వంతు బస్సు మామయ్యది. మామ్మ ఇల్లు షాపుకు దగ్గర. ఇటుది అటు, అటుది ఇటు మార్చేశాడు. ఇక్కడ మారిస్తే పిన్ని దగ్గరా మారుతుందనుకున్నాడు. అడగాలని తోచలేదు.

తెల్లారాక మామ్మ ఇంటి ముందు రెండు కార్లు ఆగాయి.

"మామ్మ నా వంతు" అన్నాడు బస్సు మామయ్య.

"నేను చూసే వచ్చాను, నాది" అన్నాడు మందుల షాపతను.

మామ్మ చేతికర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. "నా కోసం ఇద్దరు మగవాళ్ళు కొట్టుకోవడం నా జన్మకిదే మొదలు. కానివ్వండి, నాకేం తొందర లేదు."

ముగ్గురూ విరగబడి నవ్వుకున్నారు. కంప్యూటర్ తికమక పడిందన్నారు. పెద్దరికం చూసి మామ్మను బస్సు మామయ్యకు వదిలి, రెండోవాడు షాపు తెరుచుకోవడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ముందుగదిలో బస్సు మామయ్య ఈ కథ అభినయంతో సహా చెప్పాడు. గది గొల్లుమంది. పిన్ని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటోంది. కథ అయ్యాక ఒక్కమాట అడిగింది.

"మరి దర్జీ తాతను ఎవరు తీసుకెళ్ళారు?"

"అది మందుల షాపతని వంతు కదా" అన్నాడు బస్సు మామయ్య.

ఫోన్ చేసింది. మొదటి మోతకే తాత ఎత్తాడు.

"గుమ్మంలోనే ఉన్నానమ్మా. సంచీ సర్దుకునే కూర్చున్నా. బండి వస్తుందిగా?"

"పొద్దుట్నించీనా? ఒక్క ఫోన్ చెయ్యకూడదా తాతా?"

"కారు నడిపేవాళ్ళను కదిలించడం ఎందుకని."

అప్పటికే ఆయన కాళ్ళకు నీరు పట్టింది. చెప్పులు ఎక్కడం లేదు. బస్సు మామయ్య తాగుతున్న కప్పు కింద పెట్టి పరుగెత్తాడు. పిన్ని ఆసుపత్రికి ఫోన్ చేసి బతిమాలింది. ఒక మంచం ఇచ్చారు. పూర్వం దూరపు ఊళ్ళను కలిపేటప్పటి గొంతుతో అవతలి మనిషిని వదలకుండా పట్టుకుంది. గండం గడిచిందని కబురు వచ్చేదాకా గదిలో ఎవరూ లేవలేదు.

కబురు విని ఒక్కొక్కరే వెళ్ళారు. అక్క కూతురు కప్పులు తీస్తోంది.

"రెండోది పెట్టెయ్యవే" అంది పిన్ని.

"పెడితే సాయంత్రాలు..."

"తెలుసు. పెట్టు. నెట్ పోతుందన్నాను చూడు, నా భయం నెట్ గురించి కాదే."

"తెలుసు పిన్నీ."

"తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"నాకు మాత్రం ఇంటికెళితే ఎవరున్నారు? ఇక్కడ టీ బాగుంటుంది."

పిన్ని ఆ పిల్ల తలమీద మెల్లిగా ఒకటి మొట్టింది.

రెండోది వచ్చింది. అందరి ఫోన్లలోకీ వంతులు వెళ్ళాయి. మందుల షాపతను ముందుగా తన వంతు చూసుకుని, సరిచూసుకుని, మళ్ళీ పిన్నికి ఫోన్ చేసి అడిగాడు. "కళ్ళెదుటే ఉందిగా నాయనా!" అంది. ఆ సాయంత్రం గదిలోకి ఎవరూ రాలేదు. రావాల్సిన పని లేదు. నలుగురికని పెట్టిన నీళ్ళు కాగుతుంటే చూసి స్టవ్ ఆర్పేసింది. కుర్చీలో కూర్చుని ఫోన్‌లో వంతులు చూసుకుంది. ప్రతి రోగి పేరు పక్కనా బండి నడిపే మనిషి పేరు ఉంది. ఆసుపత్రిలో పక్కన కూర్చునే మనిషికని అక్క కూతురు ఒక నిలువు వరస పెట్టింది. అది పైనుంచి కిందిదాకా ఖాళీ.

మర్నాడు పొద్దున్నే దర్జీ తాత గుమ్మం ముందు బస్సు మామయ్య కారు ఆపేసరికి, మెట్టుమీద తాత పక్కన పిన్ని కూర్చుని ఉంది.

"ఇదేమిటమ్మా, నువ్వెక్కడికి?"

"ఫోన్ చూసుకోలేదా అన్నయ్యా? తాత పక్కన నా వంతు. పాపం, అక్కడ మంచమెక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా గోడ చూస్తూ పడుకుంటాడట."

"నాకు మాటలు రావు తల్లీ, విసుగు పుడుతుంది నీకు" అన్నాడు తాత.

"అది నేను చూసుకుంటాలే."

తాతను లేవదీసి, వెనక సీటులో కూర్చోబెట్టి, అటువైపు నుంచి తానెక్కి, ఆయన సంచీని తన ఒళ్ళో పెట్టుకుంది.